దీపం గెంతిన తీరు

కళ్ళు లేవు, నోరు లేదు. ఉన్నదల్లా ఒక బల్బు, దాని మీద రేకు టోపీ, స్ప్రింగుల కడ్డీలు, అడుగున బరువైన దిమ్మ. అయినా 1986లో పిక్సార్ తీసిన 'లక్సో జూనియర్'లో ఆ బుల్లి టేబుల్ ల్యాంపు ఓ పెద్ద దీపం ఎదుట బంతి వెంట పడుతుంటే అచ్చం అల్లరి పిల్లాడే. యానిమేటర్ పనితనమంతా ఆ గెంతులో ఉంది. ముందు ఒళ్ళు కుదించుకుంటుంది, ఆ తర్వాతే లేస్తుంది. దిమ్మ నేలకు ఆనాక కూడా తల ఒక్క క్షణం ఊగి అప్పుడు కుదురుకుంటుంది. సెకనుకు 24 ఫ్రేములు. రెండు మూడు అటూ ఇటూ అయినా బరువు పోయి బొమ్మ తేలిపోతుంది. కంప్యూటర్ తనంతట తాను పూరించే కదలిక మరీ నున్నగా ఉంటుంది; ఎక్కడ తడబడాలో, ఎక్కడ ఆగాలో మనిషే చెప్పాలి. బంతి పగిలి పిల్ల దీపం తల వేలాడేస్తే, తెర వెనక ఉన్నవి అంకెలేనని తెలిసీ మనం అయ్యో అంటాం. ప్రాణం లోపల ఉండే సరుకా, కదలికలో పుట్టేదా అన్నది తత్వవేత్తలు తేల్చుకోనీండి. ఈ చిత్రం చూసిన గ్రాఫిక్స్ దిట్ట జిమ్ బ్లిన్, దర్శకుడు జాన్ లాసెటర్‌ని నీడల లెక్కల గురించి అడగలేదు. పెద్ద దీపం తల్లా, తండ్రా అని అడిగాడు.