రేచిని పుర్రె, ముక్కుమీది గట్టు

హుస్నాబాద్ చుట్టుపట్ల కనిపించే గ్రానైటు బండలలో శిలాజాల కోసం వెదకడం వృథా. కరిగిన ద్రవం భూగర్భంలో చల్లారి గట్టిపడిన రాయి అది. ఎముకను దాచిపెట్టగల రాయి కాదు. ఈశాన్యంగా పోయి, గోదావరి దాటి, బొగ్గుగనుల సీమలోని రేచిని ప్రాంతం చేరితే నేల మారుతుంది. అక్కడ ఎర్రపల్లి గ్రామం పేరుతో పిలువబడే శిలాస్తరాలున్నవి. పూర్వం నదులు పరచిన ఎర్రమట్టి రాయిగా మారినది. సుమారు 24 కోట్ల సంవత్సరాల నాటి జంతువుల అస్థులు అందులో దొరికినవి.

వాటిలో ఒక పుర్రెను కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన తపన్ రాయ్‌చౌధురి 1970లో వర్ణించి, దానికి 'రేచ్నిసారస్ క్రిస్టారింకస్' అని పేరు పెట్టారు. మొదటి మాటలో మన రేచిని ఉన్నది. రెండవ మాటకు 'శిఖ గల మూతి' అని అర్థం. (వ్యాసం శీర్షికలో మాత్రం 'మధ్య భారతదేశం' అని వ్రాశారు. ఊరికి దక్కిన గౌరవం సీమకు దక్కలేదు.)

ఈ జంతువు డైసినోడాంట్ వర్గానికి చెందినది. మొన్నమొన్నటి వరకు వీటిని క్షీరదసదృశ సరీసృపాలు అనేవారు. క్షీరదాల వంశవృక్షానికే చెందిన ఈ జీవులను సరీసృపాలలో చేర్చడం నేడు సరికాదంటున్నారు. శాకాహారి. మూతికి తాబేలుకున్నట్లు కొమ్ముపదార్థంతో ముక్కు, పైదవడకు రెండు కోరలు. నాసికారంధ్రాలు మూతి ముందుభాగాన ఇరుప్రక్కల ఉంటవి. వాటి నడుమ, మూతి పైభాగాన, పొలంగట్టు వలె ఒక ఎముక గట్టు నిలువునా సాగుతుంది. పేరుకు మూలం ఈ గట్టే.

విమర్శకు తావిచ్చేదీ ఇదే. వర్ణన శ్రద్ధతో చేసినదే, సందేహం లేదు. కాని ముక్కుమీది గట్టును పేరులోనే నిలబెట్టడంతో చూపరుల కన్ను దానిమీదనే పడినది. ఇటువంటి గట్టు వయస్సుతో పెరగవచ్చు, ఆడమగలలో భేదించవచ్చు, మట్టి బరువుకు పుర్రె నలిగినప్పుడు ఆకారం మారవచ్చు. ఆంబోతు మూపురాన్ని, ఆవు మూపురాన్ని ప్రక్కప్రక్కన చూచి రెండు జాతులని ఏ రైతూ అనడు గదా! అదే స్తరాలలోని వాడియాసారస్ ఎముకలు అనేక జీవులవి ఒకేచోట దొరికినందున వయోభేదాలు, లింగభేదాలు పోల్చి చూడడం సాధ్యమైనది. రేచిని జంతువుకు ఆ భాగ్యం లేదు. పేరుకు ఆధారం ఒక్క పుర్రె.

ఫలితం వెంటనే కనిపించినది. జాంబియాలో దొరికిన గట్టుమూతి పుర్రెను 1970లోనే క్రోజియర్ ఈ పేరు క్రిందనే చేర్చారు. తరువాత కీజర్, క్రూక్‌షాంక్ 1979లో ఈ ప్రజాతినే ఆఫ్రికాకు చెందిన 'కన్నెమెయేరియా'లో కలిపివేశారు. ఆ తీర్పు నిలిచి ఉంటే రేచిని పేరు శాస్త్రగ్రంథాలలో కొట్టివేయబడిన పేర్ల వరుసలో చేరేది. 1989లో శాశ్వతి బందోపాధ్యాయ్ పుర్రెను మరల పరీక్షించి, భారతదేశపు జంతువు వేరనీ, ఆఫ్రికా పుర్రె కన్నెమెయేరియాకు చెందినదనీ వాదించారు. ఈ వివాదంలో మెచ్చదగిన పని ఇది. పేరును వెనకేసుకు రావడానికి కాక, రాయిని తిరిగి చూడడానికి పూనుకున్నారు. చిత్రమేమంటే, 2003లో ఆఫ్రికా జంతువుకు ఏర్పడిన 'లోఫోరైనస్' అనే పేరుకు కూడా శిఖ గల ముక్కు అనే అర్థం!

మరొక పొరపాటును కూడ చెప్పాలి. ముక్కులో గట్టు అనగానే ఉష్ణరక్త జంతువని తేల్చేవారున్నారు. హిల్లేనియస్ 1994లో చర్చించిన గట్లు నాసికాకుహరం లోపలివి. ఊపిరిలోని తేమను, వేడిని పట్టి ఉంచే పలుచని చుట్టలు వాటిని ఆధారంగా చేసుకొని ఉండేవని ఆయన వాదం. మాంసాహారులైన వేరొక శాఖ జంతువులలో వాటిని చూపారు. రేచిని జంతువుకు ఉన్నది బయటి గట్టు. శ్వాసకు దానితో పని లేదు. పైగా 2022లో లోపలి చెవిని కొలిచిన పరిశోధకులు ఉష్ణరక్తం సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం, అంటే రేచిని పుర్రె తరువాత, ఏర్పడినదని అభిప్రాయపడ్డారు.