కొండవీడు: రాయి చెప్పేది, బావి చెప్పేది

మంగళగిరి శాసనాన్ని చాలాసార్లు చూశాను గానీ చదివింది ఈమధ్యనే. 1520 నాటిది. తిమ్మరుసు కొండవీడు పట్టిన రోజు అందులో ఉంది. మన లెక్కలో 1515 జూన్ 23, శనివారం. మిగతాదంతా ఊళ్లూ, దానమిచ్చిన భూములూ. కవిత్వం ఆశించేవాడికి విసుగే. నాకూ విసుగేసింది.

ఆ తేదీ పట్టుకుని కొండవీడు వెళ్లాను. కొండ కింద గోపీనాథస్వామి గుడి దగ్గర కత్తుల బావి ఉంది. రాయలవారి మనుషులు రెడ్డి దొరల్ని దర్శనానికని పిలిచి, ఒక్కొక్కర్నే నరికి అందులో పడేశారని అక్కడ చెప్తారు. మన కోటల వ్యాసాల్లో సగం ఈ కథని అలాగే దించుకుంటాయి. మిగిలిన సగం "కట్టుకథ" అని తోసేస్తాయి. రెండూ బద్ధకమే.

కొండవీట్లో రెడ్ల ఏలుబడి 1424 ప్రాంతంలోనే ముగిసింది. 1515లో కోటలో ఉన్నది గజపతులు. రాయలకి పట్టుబడినవాడు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు. అంటే ఆ కథ తొంభై ఏళ్లని మింగేసింది. ఎందుకు మింగింది అన్నదే నాకు ముఖ్యం. ఓడిపోయారనడం కంటే మోసపోయారనడం వినేవాళ్లకి తేలిక. పైగా శత్రువు అనామకుడైతే కథ నిలవదు, రాయలంతటివాడు కావాలి. శాసనానికి ఈ బాధ లేదు. అది గెలిచినవాళ్ల పత్రం. బావి కథని తేదీతో కొట్టేసేవాళ్లు ఆ సంగతి కూడా చెప్పాలి.

పైన దర్వాజాలు, విరిగిన మండపాలు, వాటికంటే ఎక్కువగా చెరువులు ఆకట్టుకున్నాయి. ముత్యాలమ్మ చెరువు గట్టున చాలాసేపు కూర్చున్నాను. అంత ఎత్తున నీళ్లు నిలపకపోతే గోడలెంత గట్టివైనా దండగే. చాటువులు చెప్పే కోట వైభవంలో ఈ మట్టిపనికి చోటు లేదు.

దిగొచ్చేసరికి బావి దగ్గర ఒక పెద్దాయన మనవలకి అదే కథ చెప్తున్నాడు. ఉండబట్టలేక తేదీలు చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు.

"సరేనండీ, మరి ఆ రెడ్లంతా ఏమైపోయారు?" అన్నాడు.

పెదకోమటి వేముడి కొలువులో విద్యాధికారిగా చేసిన శ్రీనాథుడు తర్వాత రాజమహేంద్రవరం చేరి, అక్కడి వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడని చెప్పాను. కవి సంగతి చెప్పగలిగాను. ఆయన అడిగింది కవి గురించి కాదు.