నికెల్ ఎరుపు

ఇంటర్ ల్యాబులో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్లకు కొన్ని రంగులు కళ్లలో నిలిచిపోతాయి. వేడికి కరిగిపోయి, చల్లారుతుంటే బంగారు రేకుల్లా మెరుస్తూ దిగే లెడ్ అయొడైడ్. లిట్మస్ నీలాన్ని తనలోకి లాక్కుని రంగులేని నీళ్లలో తేలే అల్యూమినియం హైడ్రాక్సైడ్. పనితనం మాట వస్తే మాత్రం నా ఓటు నికెల్ పరీక్షకే.

నికెల్ లవణం నీళ్లలో లేత ఆకుపచ్చగా ఉంటుంది. అమ్మోనియా చుక్కలు వేస్తే మొదట పచ్చటి మడ్డి కడుతుంది. ఇంకాస్త పోస్తే మడ్డి కరిగి, ద్రావణం నీలంగా తేటపడుతుంది. అప్పుడు ఆల్కహాల్‌లో కలిపిన డైమిథైల్ గ్లయాక్సిమ్ నాలుగు చుక్కలు వేయాలి. దానికి రంగు లేదు, ద్రావణంలో ఎరుపు జాడ లేదు. అయినా చుక్క పడిన చోటే గులాబీకీ దానిమ్మ గింజకీ నడుమ రంగు పుడుతుంది. టెస్ట్ ట్యూబు కదిపితే పట్టు నూగులా ఉబ్బి లోపలంతా నిండుతుంది.

ఈ జత కుదిర్చింది రష్యన్ రసాయన శాస్త్రవేత్త లెవ్ చుగాయెవ్, 1905లో. నికెల్‌కు మోసగాడన్న పేరు అంతకు చాలా ముందే ఉంది. రాగి రంగున్న ఖనిజంలోంచి రాగి రాకపోయేసరికి జర్మన్ గని పనివాళ్లు అది దయ్యం పనేనని ‘కుప్ఫర్‌నికెల్’ అన్నారు. 1751లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ కొత్త లోహాన్ని కనిపెట్టాక ఆ తిట్టే దాని పేరైంది.

నాకు ముచ్చటేసేది ఎరుపు రావడానికి ముందు జరిగే పని. ఫెర్రస్ ఇనుము కూడా ఈ రియేజెంటుతో ఎర్రబడుతుంది. అందుకని ఇనుమును ముందే నైట్రిక్ ఆమ్లంతో ఫెర్రిక్‌గా మార్చి, మూడో గ్రూపులో గోధుమరంగు హైడ్రాక్సైడ్‌గా వడకట్టేస్తారు. నాలుగో గ్రూపులో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే నికెల్, కోబాల్ట్ రెండూ నల్ల సల్ఫైడ్‌లవుతాయి. వాటితోపాటు దిగిన జింక్, మాంగనీస్ సల్ఫైడ్‌లు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిపోతాయి, ఇవి కరగవు. వీటిని ఆక్వారీజియాలో కరిగించి, ఆమ్లం పోయేదాకా ఇగిర్చి, నీళ్లు కలుపుతారు. ఇంతా చేసి కోబాల్ట్‌ను వేరు చేయనక్కర్లేదు. అది కాస్త రియేజెంటును తినేసి గోధుమరంగుకు తిరుగుతుంది గానీ అవక్షేపంగా దిగదు. రెండు చుక్కలు ఎక్కువ వేస్తే సరిపోతుంది. ఆమ్లం మిగిలితే మాత్రం పని చెడుతుంది: రియేజెంటు అణువు ఒక్కో ప్రోటాన్ వదిలితేనే నికెల్‌ను పట్టుకోగలదు, ఆ ప్రోటాన్‌ను అందుకోవడానికే అమ్మోనియా.

ఈ అవక్షేపం ఎంత నికార్సైనదంటే, కడిగి ఆరబెట్టి తూచి నికెల్ ఎంతుందో లెక్కకట్టేస్తారు. దాని బరువులో 20.32 శాతం నికెల్.

లోపల చూస్తే అల్లిక మరీ చక్కన. నడుమ నికెల్, అటొకటి ఇటొకటి రెండు రియేజెంటు అణువులు, నాలుగు నైట్రోజన్‌లతో పట్టు. ఆ రెండూ అంచుల్లో హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి కూడా పట్టుకుంటాయి. అంతా బల్లపరుపుగా, ఆవేశం లేని బిళ్ల. నీళ్లలో ఇక కరగదు. స్ఫటికంలో బిళ్ల మీద బిళ్ల పేరుకుంటూ, నికెల్ మీద నికెల్ 3.25 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో నిలుస్తుంది. మనం చూసే ఎరుపు ఈ దొంతరదే. క్లోరోఫాంలో కరిగించి దొంతర విడదీస్తే ఆ బిళ్లలే పసుపుగా కనిపిస్తాయి.