మొసలి మనసెరిగిన చేతులు

చంద్రవంక నది 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల జలపాతం దగ్గర అందరి కళ్లూ నీళ్ల మీదే. నాకు మాత్రం అక్కడి మొసళ్ల పెంపక కేంద్రంలో మేత వేసే చేతుల మీదే గౌరవం. 1972 వన్యప్రాణి చట్టం కాపాడుతున్న ప్రాణి మొసలి. నోరు తెరిచి పడుకుంటే కోపం కాదు, ఒంటి వేడి తగ్గించుకుంటోందని సాకేవాళ్లకు తెలుసు. చలికాలంలో ఆకలి మందగిస్తుంది, మేతా తగ్గించాలి. పట్టాల్సి వస్తే కళ్ల మీద తడి గోనెసంచి కప్పుతారు. చీకటి కాగానే నెమ్మదిస్తుంది. దవడలు మూసే బలం అపారం, తెరిచే బలం స్వల్పం. అందుకే మూతికి గట్టి తాడు చుడితే నోరు కదలదు. బెదరని ఓర్పు, ఏమరని చూపు కలిసిన ఆ పనితనానికి దండం పెట్టాలి.