పాట ఏ వీధి దాకా పోతుంది?

తెలుగు సాహిత్య చరిత్రలు రాసినవాళ్లలో చాలామంది శతకాలు లెక్కబెట్టారు, యక్షగానాలు లెక్కబెట్టారు, చాటువుల్ని సైతం వదల్లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మతప్రచారం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. అన్నమయ్యది మతం కాదా, త్యాగయ్యది మతం కాదా అని అడిగితే సమాధానం రాదు. పాడేవాడి వాడ ఏదో తెలుసుకున్నాకే పాటకు విలువ కట్టే అలవాటు మన పండితులకు కొత్తేం కాదు గదా.

ఆ కీర్తనలన్నిటి గురించీ మేమిక్కడ మాట్లాడబోవడం లేదు. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అని పిలుస్తున్న ఎగువ కృష్ణాలో, కీసర, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో ప్రతి డిసెంబరులో రాత్రిళ్లు వినబడే క్రిస్మస్ పాటల సంగతే మాట్లాడుతున్నాం. తాతల నాటి పాట ఇవాళ్టి కుర్రాడి నోట అదే మక్కువతో ఎందుకు పలుకుతోంది? చిన్ననాటి జ్ఞాపకం, బాణీ తియ్యదనం అంటారు చర్చివాళ్లు. దొరలు పెట్టిపోయిన అలవాటు అంటారు బయటివాళ్లు. రెండూ పైపై మాటలే.

దొరల సంగతి ముందు తేలుద్దాం. ‘దూత పాట పాడుడీ’కి మూలమైన ఇంగ్లీషు పాట చార్లెస్ వెస్లీది, 1739 నాటిది. ఇవాళ పాడే బాణీ మెండెల్సన్ 1840లో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం ఉత్సవానికి కట్టింది. రెంటినీ తర్వాత ఇంకొకరు అతికించారు. అంటే ఇంగ్లండులోనూ అది అరువు బాణీయే. ‘శుద్ధరాత్రి’గా మనం పాడుకునే పాటను 1818లో ఆస్ట్రియాలో ఒక చిన్న ఊరి చర్చిలో మొదట పాడారు. దాన్ని రాసిన యోసేఫ్ మోర్ పెళ్లికాని తల్లికి పుట్టినవాడు, అతని జ్ఞానతండ్రి సాల్జ్‌బర్గ్ పట్నపు తలారి. తలారిని ముట్టుకుంటే పరువు పోతుందనే లోకం అక్కడా ఉండేది. ఈ ముక్క సండేస్కూల్లో ఎవరూ చెప్పగా మేము వినలేదు. ఇక మన కీర్తనల పుస్తకం తెరిస్తే అనువాదాల పక్కనే రాగం, తాళం పేర్లతో, పల్లవీ చరణాలతో కట్టిన పాటలు కనబడతాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్లు వేసిన బాట అది.

ఈ నేల మీదికి ఆ మతం వచ్చిన తీరు కూడా చూడాలి. బందరులో నోబుల్ దొర 1843లో తెరిచిన బడి అగ్రవర్ణాల పిల్లల్ని ఉద్దేశించింది. మిషను చూపు పైకులాల మీదే ఉన్న ఆ కాలంలో, నందిగామ దగ్గరి రాఘవాపురం మాలపల్లె మనిషి పాగోలు వెంకయ్య 1859లో డార్లింగు దొర చేత బాప్తిస్మం పొందాడు. విగ్రహాల మీద నమ్మకం పోయి, వెతుక్కుంటూ వెంకయ్యే దొర దగ్గరికి పోయాడని మిషను చరిత్రలే చెబుతాయి. బియ్యం కోసం మారారు అనే ఎగతాళికి ఈ ఒక్క మనిషి చాలు.

అట్లా వచ్చిన పాటతో పాటు, ఊళ్లో అరుగెక్కనివ్వని భాష కూడా పల్లె నోటికి పట్టింది. అరసున్నలూ సంధులూ ఉన్న గ్రాంథికాన్ని అక్షరమ్ముక్క రాని ముసలమ్మలు తప్పు లేకుండా పాడతారు. కొన్నిచోట్ల తప్పుగానూ పాడతారు, మాకు ఆ తప్పులే ఎక్కువ ఇష్టం. నోరు తిరగని సమాసాన్ని విరిచి, తమ మాటతో పూడ్చుకున్న చోట పాట వాళ్లదైపోయింది. మాలో చాలామందికి అక్షరాల కన్నా ముందు వచ్చింది ఈ పాటలే.

అయితే పాట నిలబడింది ఒక్క భాష వల్ల కాదు, కథలో ఉన్న చోటు వల్ల. లూకా సువార్తలో ఆ వార్త మొదట చేరేది రాత్రిపూట మందకు కాపలా ఉన్నవాళ్లకి. గుడిలోవాళ్లకి కాదు, కోటలోవాళ్లకీ కాదు. సత్రంలో చోటు లేక బిడ్డను పశువుల తొట్లో పడుకోబెట్టారు. పట్నం చర్చిలో ఇదొక ప్రతీక కావచ్చు. ఆసామి కొట్టంలో జీతానికుండి, గొడ్లకు మేతేసి, పేడెత్తి, రాత్రికి అక్కడే గోనె పరుచుకుని పడుకున్న మనిషికి మాత్రం అది తెలిసిన చోటు. ‘చోటు లేదు’ అన్న మాట కూడా కొత్తది కాదు. టీకొట్లో వేరే గ్లాసు దగ్గర, చెరువు రేవు దగ్గర, గుడి మెట్ల దగ్గర వినీ వినీ ఉన్నదే.

అందుకే ఈ పాటను పుస్తకంలో చదివితే చాలదు, దారిలో చదవాలంటాం. చర్చి దగ్గర మేళం బయల్దేరుతుంది. ముందు కర్రకు కట్టిన నక్షత్రం, వెనక హార్మోనియం, డోలక్. ఒకప్పుడు పెట్రోమాక్స్ లైటు ఉండేది, ఇప్పుడు ట్రాక్టరు మీద మైకుసెట్టు. ఇంటింటి ముందూ ఒక పాట, చిన్న ప్రార్థన, టీ నీళ్లు, కానుక. ఆడపిల్లలు నడిరాత్రి వీధిలో గొంతెత్తి పాడటానికి ఇంట్లో ఒప్పుకునేది ఆ నాలుగు రాత్రులే. పల్లె గొంతు అంత గట్టిగా, ఎవరి అనుమతీ అడక్కుండా వినబడే సందర్భాలు ఏడాదిలో ఎన్నున్నాయి?

మేళం ఎక్కడ మలుపు తిరుగుతుందో కూడా చూడాలి. చాలాచోట్ల పల్లె చివరి ఇంటి దగ్గరే తిరుగుతుంది. ఊళ్లోకి పోయినా ఒకటి రెండు ఇళ్ల దాకా. అది ఊరి తప్పు. మాలపల్లె మేళం మాదిగ గూడెంలోకి, గూడెం మేళం పల్లెలోకి పోతున్నాయా అన్నది మాత్రం మనల్ని మనం అడుక్కోవాల్సింది. సంఘాలు వేరు, మిషన్లు వేరు అని తప్పుకుంటే కుదరదు. డప్పు కొలుపుల వాయిద్యమని చర్చి చాలాకాలం గుమ్మం బయటే ఉంచింది, హార్మోనియానికి మాత్రం ఏ మైలా అంటలేదు. 1994లో ఈదుమూడిలో పుట్టిన దండోరా డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా నిలిపాక కొన్ని మేళాల్లో అదీ మోగుతోంది.

ఇంకో చిక్కు కాగితంతో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డు కులంగా ఒప్పుకోదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు, క్రైస్తవులకు తీయలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ, వాటా ఒక్క శాతం. కాబట్టి ఏడాదంతా సర్టిఫికెట్లో నోరు మూసుకున్న మనిషి డిసెంబరు రాత్రి వీధిలో గొంతు విప్పుతాడు, ఇంటి మీద కాగితపు నక్షత్రం వెలిగిస్తాడు. దీన్ని మోసం అనేవాళ్లు, కూడో దేవుడో ఒకటి ఎంచుకోమన్న చట్టాన్ని ముందు నిలదీయాలి.

ఇంత చెప్పాక పాటల మీద మా ఫిర్యాదు కూడా చెప్పాలి. ‘కరుణామయుడు’ (1978) సినిమా, ఆ తర్వాత క్యాసెట్లు క్రైస్తవ పాటకు సినిమా గొంతులిచ్చి మెత్తబరిచాయి, ఇప్పుడు డీజే వచ్చింది. అసలు లోటు అక్కడ లేదు, పాత పాటల్లోనే ఉంది. జనం ఎక్కువగా పాడేవి దూత, కాపరులు, నక్షత్రం, జ్ఞానులు, జోల దగ్గర ఆగిపోతాయి. మత్తయి సువార్త అక్కడ ఆగదు. హేరోదు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపిస్తాడు, యోసేపు రాత్రికి రాత్రే తల్లీబిడ్డల్ని తీసుకుని ఐగుప్తుకు పారిపోతాడు. లూకాలో మరియ పాడిన పాటలోనైతే గద్దెలెక్కినవాళ్లు కూలిపోతారు, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుంది. ఇవన్నీ పోగా మిగిలింది ముద్దుల బాలుడు.

కీసర ఉన్నది కంచికచర్ల మండలంలో. ఆ కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని చంపితే, మిగిలినవాళ్లు చీరాలకు పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు. హేరోదు, ఐగుప్తు మనకు తెలియని కథలా? కంచికచర్లలో పుట్టిన కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవితలో కోటేశు పేరును తన పేరుగా పలికాడు. కవిత చేసిన ఆ పని క్రిస్మస్ పాట ఎందుకు చేయలేదు?

జోల మెత్తనిది, అందులో హత్య ఇమడదు అంటారేమో. ఇంగ్లండులో కావెంట్రీ పట్నపు దర్జీలూ ఉన్ని పనివాళ్లూ కలిసి ఆడిన నాటకంలో 16వ శతాబ్దం నాటి జోల ఒకటుంది. హేరోదు మనుషులు చంపడానికి వస్తున్నారని తెలిసి బేత్లెహేము తల్లులు బిడ్డలకు పాడేది. దాన్ని ఇప్పటికీ క్రిస్మస్‌కి పాడుతున్నారు. మా చెవిన పడ్డ తెలుగు పాటల్లో దానికి సాటి లేదు. మన ఆడవాళ్లకు జోలా తెలుసు, శవం పక్కన కూర్చుని పేరుపేరునా చెప్పుకుంటూ ఏడ్చే రాగమూ తెలుసు. ఆ రెండూ కలిపి పాట కట్టగలిగినవాళ్లు పల్లెల్లో లేరని మేము అనుకోం. కడితే దాన్ని మేళం ఏ ఇంటి ముందు మొదట ఎత్తుకోవాలి, పాస్టరు గారు ఒప్పుకోకపోతే ఏం చేయాలి అన్నది డిసెంబరు రాకముందే పల్లెలో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.