చేతికి పసరంటని వైద్యం

కర్ణాటకలోని పావగడ తాలూకా కృష్ణాపురంలో సూలగిత్తి నరసమ్మ అనే మంత్రసాని ఉండేవారు. ఊరు కన్నడ దేశంలోదే గాని ఇంట్లో మాట తెలుగు. బడి గడప తొక్కలేదు. నిండు చూలాలి కడుపు మీద అరచెయ్యి ఆనించి బిడ్డ తల ఎటు తిరిగి ఉందో, నాడి ఎలా కొట్టుకుంటోందో, ఉమ్మనీరు సరిగా ఉందో లేదో చెప్పేవారు. పరికరమన్నది ముట్టలేదు. పదిహేను వేలకు పైగా కాన్పులు చేశారని, ఎవరి దగ్గరా కాణీ పుచ్చుకోలేదని చెబుతారు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడు డిసెంబరు 25న కన్నుమూశారు.

పత్రికలన్నీ ఆ పదిహేను వేల దగ్గరే ఆగిపోయాయి. ఆవిడ చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళు 180 మంది దాకా ఉన్నారన్న సంగతి ఎక్కడో చివరి పేరాలో పడిపోయింది. అసలు గొప్పతనం అక్కడుంది! నరసమ్మ కూడా అలాగే నేర్చుకున్నారు. అవ్వ మరిగెమ్మ మంత్రసాని. ఆమె పక్కన కూర్చుని చూసి చూసి, 1940లో ఇరవై ఏళ్ళ వయసులో బంధువుల ఇంట తొలి కాన్పులో చెయ్యి కలిపారు. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చే ఆకు మందుల సంగతులు ఊరూరా తిరిగే సంచార జాతుల వాళ్ళ దగ్గర పట్టుకున్నారు. అవ్వ నేర్పింది, దారిన పోయేవాళ్ళు నేర్పారు, తాను మరో నూటెనభై మందికి నేర్పారు. ఇంటికీ ఊరికీ పనికొచ్చే మూలికా వైద్యం వందల ఏళ్ళుగా నడిచిన బాట ఇదే.

మూలికల పేర్లు వల్లె వేసి ఎవరూ వైద్యులు కాలేదు. కన్ను, ముక్కు, నాలుక, వేలి కొస, ఈ నాలుగింటికీ తర్ఫీదు కావాలి. మొదటి పాఠం మొక్కను గుర్తుపట్టడం. వినడానికి ఇంత సులువైనది లేదు, చెయ్యడానికి ఇంత కష్టమైనదీ లేదు. వానాకాలం మొదలవగానే గట్ల మీద నేల ఉసిరి మొలుస్తుంది. ఆకుల వరుస కింద ఆవగింజకు కాస్త పెద్దవిగా కాయలు వేలాడతాయి. దాని పక్కనే, దాని తోబుట్టువులా, కాడ ఎర్రబారి కాయ మీద గరుకు పొక్కులున్న మరో మొక్క ఉంటుంది. అదీ నేల ఉసిరే అనుకుని కోసుకుపోయేవాళ్ళు బోలెడుమంది. దక్షిణ భారతంలో మూలికల దుకాణాల నుంచి తెచ్చిన నేల ఉసిరి నమూనాలను శాస్త్రవేత్తలు పరీక్షించినప్పుడు వేరే జాతులు కలిసి ఉన్నట్టు తేలింది కూడా. అటికమామిడి అడిగితే గలిజేరు కట్టిచ్చే కొట్లకు లెక్కే లేదు. రెండూ నేల మీద పాకేవే, రెంటికీ గుండ్రని ఆకులే. వేరు తవ్వి చూపించే గురువు ఉంటే ఒక్క పూటలో తేడా తెలిసిపోతుంది. లేకపోతే జన్మలో తెలియదు.

తిప్పతీగ సంగతి మరీ దారుణం. కరోనా రోజుల్లో కషాయం పేరిట దేశమంతా దాని మీద పడింది. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. ఆ మరుసటి ఏడు మరికొన్ని కేంద్రాల నుంచి అలాంటివే వచ్చాయి. దాన్ని పోలిన మరో జాతిని పొరపాటున వాడి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఆ రెండో జాతి తీగ మీద మొటిమల్లాంటి బొడిపెలు దట్టంగా ఉంటాయి. నిజంగా మొక్క మారిందా, అసలు తిప్పతీగే కొందరికి పడలేదా అన్న వాదన తెగలేదు. ఎవరి వాదన నెగ్గినా, ఒక్కసారైనా తీగను చేత్తో పట్టుకుని చూడనివాళ్ళు, ఎవరికి ఇవ్వకూడదో తెలియనివాళ్ళు నెలల తరబడి తాగారు, తాగించారు.

రెండో పాఠం మందు కట్టడం. శార్ఙ్గధరుడి ఆయుర్వేద గ్రంథం చదవని పల్లె వైద్యుడికి కూడా అందులోని ఐదు పద్ధతులూ చేతిలో ఉంటాయి. పచ్చి ఆకు దంచి పిండితే స్వరసం. నూరి ముద్ద చేస్తే కల్కం. కాస్తే క్వాథం. రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి వడగడితే హిమం. మరిగిన నీళ్ళు పోసి కాసేపు ఉంచి వడగడితే ఫాంటం. క్వాథానికైతే మెత్తని దినుసుకు నాలుగింతల నీళ్ళు, ఒక మాదిరి దానికి ఎనిమిదింతలు, గట్టి వేళ్ళకు, బెరడుకు పదహారింతలు. సన్నని సెగ మీద, మూత పెట్టకుండా, నాలుగో వంతు మిగిలేదాకా కాయాలి. ఇప్పుడు ఫోనులో చూపించే కషాయాలన్నీ ఒకటే పద్ధతి, ఇంట్లో ఉన్నవన్నీ ఒక గిన్నెలో వేసి ఐదు నిమిషాలు తెర్లించడం! దాన్ని కషాయం అనడం కంటే వేడినీళ్ళు అనడం మర్యాద.

చేతి పనికి అసలు పరీక్ష శతధౌత ఘృతం. రాగి పళ్ళెంలో ఆవు నెయ్యి వేసి, నీళ్ళు పోసి అరచేత్తో మర్దించాలి. ఆ నీళ్ళు వంచేసి మళ్ళీ కొత్త నీళ్ళు పోయాలి. ఇలా నూరు మార్లు. నలభై దాటేసరికి భుజం లాగేస్తుంది, చాలామంది అక్కడే ఎగ్గొడతారు. ఓపిక పట్టినవాళ్ళకు పచ్చని పూస నెయ్యి తెల్లబడి, నెయ్యి వాసన పోయి, వేలికి వెన్నకంటే మెత్తగా తగులుతుంది. ఒళ్ళు మంటలకు పూసే లేపనం అది. బందరులో పుట్టి మద్రాసులో ఆయుర్వేదాశ్రమం స్థాపించిన పండిత దీవి గోపాలాచార్యులు ప్లేగు రోజుల్లో హైమాది పానకంతో పాటు దీన్నీ వాడి పేరు తెచ్చుకున్నారంటారు. ఇంగ్లీషు వైద్యం చదివి పట్టా పుచ్చుకున్న ఆచంట లక్ష్మీపతి అంతటివాడు వెళ్ళి ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. పట్టా ఉన్నవాడు చేతిపని కోసం మళ్ళీ విద్యార్థి అయ్యాడంటే ఆ కాలపు మనుషుల పద్ధతే వేరు.

ఇంటి వైద్యానికి ఇంత ఆర్భాటం అక్కర్లేదు. అక్కడ బడి వంటిల్లే. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం, సాంబ్రాణి పొగ, అన్నంలో శొంఠి పొడి, వెల్లుల్లి కారం, ఆపైన కాయం ఉండ. ఏ పాళ్ళు ఎంతో కోడలికి అత్తగారు చెప్పరు, చేయిస్తారు. నల్లేరు పచ్చడినే చూడండి. ముదురు కణుపు వదిలేసి లేత కొసలు తుంచాలి, అంతకు ముందు చేతులకు నూనె రాసుకోవాలి, లేదంటే దురద చంపేస్తుంది. ఈనెలు తీసి, నువ్వుల నూనెలో బాగా వేయించి, చింతపండు దండిగా వేస్తేనే గొంతు గీరదు. ఎముకలకు బలమని పెట్టే ఈ పచ్చడి చెయ్యడం వచ్చిన పిల్లకు ఒక మూలికను కోసే వేళ, శుద్ధి చేసే తీరు, విరుగుడు, మూడూ ఒకేసారి వచ్చేసినట్టే.

అయితే అవ్వలు చేసిందల్లా వేదమని ఒప్పుకోనక్కర్లేదు. పాలుతాగే బిడ్డ నాలుకకు వస కొమ్ము అరగదీసి రాసే అలవాటు మానాల్సిందే. అందులోని రసాయనాల వల్ల కీడుందని పరిశోధనలు చెబుతున్నాయి. మంచి గురువు అయితే ఈ మాట తనే ముందు చెబుతాడు.

మూడో పాఠం అన్నిటికంటే కష్టమైనది, వద్దనడం. కామెర్ల రోగి మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, నిండు గర్భిణి అయినా ఆకు నూరడం ఆపి బండి కట్టించాలి. పాము కాటుకు ఏ పసరూ లేదు, విరుగుడు సూది ఉన్న ఆసుపత్రే దారి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే కట్టు కట్టకూడదు. కట్టిన కట్టు కింద వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా అర్ధరాత్రయినా విప్పేయాలి. ఈ ఎరుక లేనివాడి చేతిలో కట్టు పడి కాళ్ళూ చేతులూ కుళ్ళి పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, ఎముకల డాక్టర్లు మొత్తుకునేది అందుకే.

కట్టు అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది పుత్తూరు. చిత్తూరు సీమలో పుత్తూరు పక్కన రాచపాళ్యం. వేటలో కాలు విరిగిన కుందేలును ఆకుల్లో చుట్టి తెస్తే ఇంటికొచ్చేసరికి లేచి పరుగెత్తిందట, అది చూసి కేశవరాజు కట్టు కనిపెట్టాడట. నూట నలభై ఏళ్ళ కిందటి మాట అంటారు, కుందేలు కథ ఎంత నిజమో గాని కట్టు మాత్రం నిజం. ఆకు పసరు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, నూలు గుడ్డ, ఇంతే సరంజామా. ఒడుపంతా ముందు చేసే పనిలో ఉంది. విరిగిన చోటు మీద వేళ్ళు నడిపించి, లాగి, సర్ది, ఎముకను ఎముకకు ఎదురుగా కూర్చోబెట్టే ఆ రెండు నిమిషాలు. తరతరాలుగా తండ్రి చేతుల పక్కన కొడుకు చేతులు పెట్టి నేర్చిన ఒడుపది.

మరి ఇవాళ? హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో, ఏ బస్తీలో చూసినా ‘ఒరిజినల్ పుత్తూరు కట్టు’ బోర్డులే. వాళ్ళలో రాచపాళ్యం పొలిమేర చూసినవాళ్ళెందరు? ఒకరి చేతి కింద ఏడాదైనా కూర్చున్నవాళ్ళెందరు? బద్దలూ గుడ్డా గుడ్డూ ఎవరైనా కొనగలరు. పేరును దొంగిలించినంత తేలిగ్గా వేళ్ళను దొంగిలించలేరు. ఈ బోర్డుల వల్ల చెడ్డపేరు వస్తున్నది మాత్రం నిజంగా పని తెలిసినవాళ్ళకే.

మనుషులకు వైద్యం నేర్చుకోవడం కంటే మహిమ కావాలి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం వేలాది జనం తొక్కుకున్నారు. ప్రభుత్వం పంపిణీ ఆపింది, పరీక్షలు చేయించింది, నెలాఖరున కంటి చుక్కలకు తప్ప మిగిలిన వాటికి అనుమతి ఇచ్చింది. టీవీలు రోజంతా చర్చించాయి. అన్ని గంటల చర్చలో ఫలానా ఆకు మీ పెరట్లో ఎలా ఉంటుంది, ఎవరికి పడదు అని ఒక్కరూ నేర్పలేదు. ప్యాకెట్ల వ్యాపారానిదీ అదే దారి. ఆకును పొడి చేసి సంచిలో పోస్తే దానికి రూపం లేదు, వాసన లేదు, ఋతువు లేదు. హైదరాబాదు బేగంబజారు మూలికల కొట్లో పొట్లం కట్టే కుర్రాడికి గాని, కొనేవాళ్ళకు గాని అది ఏ చెట్టు పొడో తెలిసే వీలుందా?

అడవి కూడా ఈ దెబ్బకు తట్టుకోవడం లేదు. రాయలసీమలో ఎండాకాలం నన్నారి షర్బత్తు లేనిదే గడవదు. దానికి కావలసిన సుగంధిపాల వేరు సన్నంగా ఉంటుంది, చాలదు. ఆ వేరు బదులు అడవిలో మాకాళి గడ్డలు తవ్వుతారు. గడ్డ తవ్వితే మొక్క పోయినట్టే. ఆ మొక్క ఇప్పుడు అంతరించిపోయే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. ఒక పాయ తీసి తక్కిన వేరు మీద మన్ను కప్పడం పాతకాలపు గిరిజన వైద్యులకు తెలుసు. లారీ లెక్కన కొనే దళారికి దాంతో ఏం పని?

చట్టం చూపు వేరుగా ఉంది. పట్టాలేని పారంపర్య వైద్యులు వైద్యం చేయరాదని 2018 ఏప్రిల్లో కేరళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నకిలీల బారి నుంచి జనాన్ని కాపాడాలన్న ఉద్దేశంలో తప్పులేదు. కానీ అదే ఏడాది, అదే కేరళలో, కల్లార్ అడవిలో తాటాకు గుడిసెలో ఉంటూ ఐదు వందల మందులు కేవలం జ్ఞాపకంలో పెట్టుకున్న కాణి గిరిజన స్త్రీ లక్ష్మీకుట్టికి దేశం పద్మశ్రీ ఇచ్చింది. నేర్చింది తల్లి దగ్గర. బిరుదు ఇచ్చే చెయ్యి ఒకటి, వద్దనే చెయ్యి ఒకటి! నరసమ్మలాంటి వాళ్ళను తర్ఫీదిచ్చి ఆరోగ్య బృందంలో కలుపుకోవాలని 1978లోనే ఆల్మా అటా ప్రకటన చెప్పింది. మన దేశంలో మంత్రసానుల శిక్షణ కొన్నాళ్ళు సాగి, ఆసుపత్రి కాన్పులు పెరిగాక మూలపడింది. ఆసుపత్రి కాన్పు మంచిదే, తల్లుల ప్రాణాలు నిలిచాయి. కాన్పు తర్వాతి నలభై రోజుల సేవ, కడుపులో బిడ్డను చేత్తో చదివే విద్య, వీటిని కూడా పారేయమని ఎవరన్నారు?

చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు. 1993లో దర్శన్ శంకర్ బెంగళూరులో పెట్టిన సంస్థ దక్షిణాది అడవుల్లో మందు మొక్కలను ఉన్నచోటే కాపాడే క్షేత్రాలు ఏర్పాటు చేయించింది, మహిళా సంఘాల చేత పెరటి మూలికా తోటలు పెట్టించింది. ఆ సంస్థ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కలిసి ఊరి వైద్యులను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి తెచ్చాయి. కామెర్లు, ఎముకల కట్టు, కాన్పు సేవ, ఇలా ఎవరికి ఏది వస్తే అందులోనే పరీక్ష. రాత కంటే చేతకు విలువ ఇచ్చే పరీక్ష కాబట్టి దీన్ని మెచ్చుకోవాలి. ఇంకా చాలామందికి చేరలేదు కాబట్టి నిందించాలి.

పల్లెల్లో మొదలుపెట్టడానికి కాగితం కూడా సిద్ధంగా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఆ ఊళ్ళో ఉన్న నాటువైద్యులు, పశువైద్యం తెలిసినవాళ్ళ పేర్లకు అందులో ప్రత్యేకంగా ఒక పట్టిక ఉంది. హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి గడువు పెట్టడంతో చాలాచోట్ల ఆ పుస్తకాలు హడావుడిగా నింపేశారు. సర్పంచులు, కార్యదర్శులు ఒకసారి ఆ పట్టిక తీసి చూడాలి. పేర్లున్నచోట, ఆ పెద్దలు బతికుండగానే, ఊరి ఆశా కార్యకర్తనూ, మొక్కలంటే ఇష్టమున్న ఇద్దరు పిల్లలనూ తొలకరి నుంచి మళ్ళీ తొలకరి దాకా వాళ్ళ వెంట తిప్పాలి. ఆ పెద్దలకు ఉపాధి హామీ కూలి పాటిగానైనా నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి. దగ్గరి ఆయుర్వేద కళాశాల నుంచి ఒక అధ్యాపకుడు నెలకోసారి వచ్చి, చెప్పేది రాసుకోవాలి, కీడు చేసే అలవాట్లుంటే అక్కడే సరిదిద్దాలి. పట్టిక ఖాళీగా ఉన్న పంచాయతీలో ఇల్లిల్లూ తిరిగి అడగాలి, ముందు అవ్వలున్న ఇళ్ళలో.