మలావి సరస్సు రాతిచేపల పెంపకం

తూర్పు ఆఫ్రికాలో మలావి, మొజాంబిక్, టాంజానియా దేశాల నడుమ, కొన్నిచోట్ల 700 మీటర్ల లోతున విస్తరించిన మలావి సరస్సు వందలాది చేపజాతులకు నెలవు. వాటిలో అత్యధికం సిక్లిడ్ కుటుంబానివి, అందులోనూ చాలావరకు ఆ సరస్సులో తప్ప మరెక్కడా సహజంగా కానరానివి. ఒడ్డువెంబడి రాతిగుట్టలను అంటిపెట్టుకుని బతికే చిన్న సిక్లిడ్లను అక్కడివారు ‘ఎంబునా’ అంటారు. సముద్రపు పగడపుదిబ్బల చేపలకు తీసిపోని నీలం, పసుపు వన్నెలు మంచినీటి తొట్టిలోనే లభించడం వల్ల వీటికి పెంపకందారులలో ఇంత ఆదరణ కలిగింది. ఆ సరస్సు నీటి గుణాన్నీ, రాతి అమరికనూ ఇంట్లో నిలబెట్టడమే ఈ పెంపకంలో అసలు విద్య. చేపల ఎంపిక ఆ తరువాతి మాట.

ఎంబునాలకు లవణాలు దండిగా కరిగిన కఠినజలం, 7.8 నుంచి 8.6 మధ్య పి.హెచ్., 24 నుంచి 28 డిగ్రీల వేడిమి అనుకూలం. తెలుగునాట అనేక చోట్ల బోరునీరు కఠినంగానే ఉంటుంది గనుక, పరీక్షించి చూసుకుంటే అదే సరిపోవచ్చు. చాలనిచోట సున్నపురాయి, పగడపు ఇసుక ఆ లోటు తీరుస్తాయి. క్షారగుణం పెరిగినకొద్దీ చేపల విసర్జనలోని అమ్మోనియా మరింత విషమవుతుంది. అందుకే దానిని ముందు నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడేవరకు, అంటే కొన్ని వారాలపాటు, చేపలను వదలకుండా ఓపిక పట్టవలసిందే.

రాళ్లను ఇసుకమీద పేర్చడం ప్రమాదకరం. ఈ చేపలు ఇసుకను తవ్విపోస్తాయి కాబట్టి గుట్ట కూలి అద్దం పగలవచ్చు. రాళ్లను అడుగునే కుదురుగా నిలిపి, ఆ తరువాత చుట్టూ ఇసుక పోయాలి. ప్రతి మగచేపా ఒక రాతిసందును తన హద్దుగా భావించి కాపలా కాస్తుంది, బలహీనమైనదాన్ని చచ్చేదాకా తరుముతుంది. నాలుగడుగుల తొట్టిలో చేపలను కాస్త ఒత్తుగా, ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపల లెక్కన ఉంచితే, ఆ దాడి ఒక్కదానిమీదే పడకుండా చెదిరిపోతుంది. అయితే అంత ఒత్తిడికి తగిన ఫిల్టర్, వారంవారం పావువంతు నీటి మార్పిడి తప్పనిసరి. పంపునీటిలోని క్లోరిన్‌ను తొలగించాకే వాడాలి.

వీటి సంతానోత్పత్తి చూసితీరవలసిన వింత. ఆడచేప గుడ్లు పెట్టిన వెంటనే వాటిని నోట కరచుకుంటుంది. మగచేప అడుగురెక్కమీద గుడ్లను పోలిన పసుపు చుక్కలుంటాయి, ఆమె వాటివైపు నోరు సాచినప్పుడు వీర్యం లోపలికి చేరి, గుడ్లు నోటిలోనే ఫలదీకరణ చెందుతాయి. సుమారు మూడు వారాలు ఆ తల్లి దాదాపు నిరాహారంగా పిల్లలను నోటిలోనే మోస్తుంది.

రాతిమీది నాచును, అందులోని సూక్ష్మజీవులను గీరి తినే వీటికి స్పిరులినా కలిసిన మేత మేలు. మాంసం ఎక్కువైతే పొట్ట ఉబ్బే జబ్బు వచ్చి చనిపోతాయి. దగ్గరి జాతులను కలిపి ఉంచితే సంకరం జరిగి, సహజంగా వేరుపడిన వన్నెలు కలగాపులగమవుతాయి. అటువంటి పిల్లలను ఇతరులకు ఇవ్వడం తగదు. మిగిలిన చేపలను చెరువుల్లో వదలడం అంతకన్నా తగదు. ఇదే కుటుంబానికి చెందిన ఆఫ్రికా తిలాపియా, మనవారి జిలేబి చేప, మన నీళ్లలో ఎంతగా వ్యాపించిందో కళ్లెదుటే ఉంది గనుక, పెంపకందారులు ఈ నియమాన్ని తప్పక పాటించాలి.